సరుకు లారీ ఎక్కింది, బీమా కొట్లోనే ఉండిపోయింది

ఏలూరు: పొద్దువాలే వేళకి కొల్లేటి పక్క ఊళ్లలో చెరువు గట్లు సందడిగా ఉంటాయి. వల లాగి, చేప తూచి, పెట్టెల్లో ఐసు పరిచి, లారీకి ఎక్కిస్తారు. తాడు బిగించి పట్టా కప్పగానే లారీ హౌరా దారి పడుతుంది. అదే సమయానికి తాడేపల్లిగూడెం మార్కెట్లో కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చిన ఉల్లి బస్తాలు దిగుతుంటాయి. ఏలూరులో తివాచీల వ్యాపారి నూలు కట్టలు లెక్కపెట్టి మగ్గాల ఇళ్లకు పంపుతుంటాడు. పల్లెలో పెళ్లికి షామియానా గుంజలు, వంటపాత్రలు, మైకుసెట్టు ట్రాక్టరు ఎక్కుతుంటాయి.

నాలుగు చోట్లా జరిగేది ఒకటే. లక్షల విలువ చేసే వస్తువు యజమాని గడప దాటి బయటకు పోతోంది. గడప లోపల ఉన్నంతసేపు దానికి బీమా ఉందని ఆయన ధీమా. గడప దాటాక ఉందా? ఈ ప్రశ్న చాలామందికి లారీ బోల్తా పడిన మర్నాడు గాని గుర్తుకు రాదు. అప్పటికి పాలసీ కాగితం బీరువాలోనే భద్రంగా ఉంటుంది, సరుకు మాత్రం రోడ్డు పక్క కాలువలో ఉంటుంది.

బీమా కట్టినవాడికి అందులో ఏముందో తెలియకపోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు బీమా చేయించమంటుంది, చేయిస్తారు. కాగితం బ్యాంకు ఫైల్లోకి పోతుంది. ఏ సరుకుకి, ఏ చిరునామాలో, ఏ ప్రమాదానికి అని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. నష్టం వచ్చిన రోజున కంపెనీ వాళ్లు మొదట చదివేది మాత్రం ఆ మూడు మాటలనే.

పడవల నాటి నుంచీ ఉన్న భయమే

దారిలో సరుకు పోతుందన్న భయం లారీలతో పుట్టింది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక రెండు నదుల కాలువలూ ఏలూరు దగ్గర కలిశాయి. అటు గోదావరి నుంచి, ఇటు బెజవాడ నుంచి ధాన్యం, బెల్లం, కలప పడవల మీద ఏలూరు చేరేవి. తాడు భుజాన వేసుకుని గట్టు వెంట పడవ లాగిన మనుషులను చూసిన పెద్దలు ఇంకా ఊళ్లలో ఉన్నారు.

ఆ రోజుల్లో, అంతకు ముందూ కూడా మన దేశపు షావుకార్లు దారి నష్టానికి ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. దానిపేరు జోఖిమీ హుండీ. సరుకు క్షేమంగా రేవు చేరితేనే ఆ హుండీ మీద డబ్బు చెల్లుతుంది. ఓడ మునిగితే చెల్లదు. అంటే సొమ్ము ముందుగా ఇచ్చినవాడే దారి నష్టం కూడా భరిస్తాడు, అందుకు తగిన ప్రతిఫలం ముందే పట్టుకుంటాడు. ఇవాళ బీమా కంపెనీ ప్రీమియం అనేది దాదాపు అదే.

ఇప్పటికీ లారీ మీద పోయే సరుకు బీమాను కంపెనీల్లో సముద్రపు పేరుతోనే పిలుస్తారు. మెరైన్ పాలసీ అంటారు. కొల్లేటి చేప హౌరాకు రోడ్డు మీద పోయినా పాలసీ పేరు మెరైనే. దీనికి ఆధారం 1963 నాటి సముద్ర బీమా చట్టం. పేరు చూసి ఇది ఓడలవాళ్లకు సంబంధించినదని పక్కన పెట్టేస్తే పొరపాటే.

1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా అంతా ప్రభుత్వపరమైంది. న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు కంపెనీలే చాలాకాలం ఈ పని చేశాయి. 1999లో చట్టం వచ్చాక ప్రైవేటు కంపెనీలకూ తలుపు తెరిచారు. కంపెనీలు పెరిగినా సరుకు బీమాలోని మూల సూత్రాలు మారలేదు. అవి తెలుసుకుంటే ఎవరి దగ్గర తీసుకున్నా మోసపోయే భయం తగ్గుతుంది.

కొట్టు బీమా కొట్టుకే

దుకాణానికి, గొడౌనుకి తీసుకునే అగ్నిప్రమాద పాలసీ మంటలకే కాదు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు వంటి వాటికీ వర్తిస్తుంది. అయితే అది ఆ చిరునామాలో ఉన్న సరుకుకే. డోరు నంబరు, సర్వే నంబరు మారిందంటే ఆ పాలసీ అక్కడికి నడిచి రాదు.

చిన్న వ్యాపారుల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీని అన్ని కంపెనీలూ ఒకే నమూనాలో ఇస్తున్నాయి. ఒకచోట ఉన్న మొత్తం ఆస్తి విలువ రూ. 5 కోట్లకు మించనివారు దీని కిందకు వస్తారు. రూ. 5 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉన్నవారికి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష ఉంది. గూడెం కమీషన్ వ్యాపారి, ఏలూరు తివాచీ షాపు, పల్లెలోని షామియానా సప్లయి కంపెనీ అందరూ మొదటి తరగతిలోనే ఉంటారు.

ఈ పాలసీలో చాలామంది చూడని సౌకర్యం ఒకటుంది. సరుకును తయారీకో, శుద్ధికో, తుది మెరుగుకో తాత్కాలికంగా వేరేచోటికి పంపితే, సరుకు బీమా మొత్తంలో 10 శాతం వరకు అక్కడ కూడా రక్షణ ఉంటుంది.

తివాచీల వ్యవహారం తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఏలూరు తివాచీ షాపులో పుట్టదు, మగ్గం ఉన్న ఇంట్లో పుడుతుంది. ఉన్ని, నూలు వ్యాపారివి. మగ్గం, ఇల్లు నేతగానివి. ఒక వ్యాపారి సరుకుకు రూ. 20 లక్షల బీమా ఉందనుకుందాం. నేతకిచ్చిన నూలు మగ్గం ఇంట్లో కాలిపోతే రూ. 2 లక్షల వరకు ఈ నిబంధన కింద అడగవచ్చు. మగ్గాల ఇళ్లలో రూ. 8 లక్షల నూలు ఉంటే మిగతా రూ. 6 లక్షలకు ఆసరా లేనట్టే. ఆ ఇళ్లను కూడా పాలసీలో చిరునామాలుగా రాయించుకోవాలి.

ఇంకో సంగతి నేతగాడు గమనించాలి. వ్యాపారి పాలసీ నూలుకే గాని మగ్గానికి కాదు, ఇంటికి కాదు. మంటల్లో మగ్గం కూడా పోతే ఆయన నష్టం ఆయనదే. తన మగ్గానికి, పనిముట్లకు తానే విడిగా బీమా చేయించుకోవాలి.

దొంగతనం సంగతి మరీ వేరు. అగ్నిప్రమాద పాలసీలో మామూలు దొంగతనం ఉండదు. తుపానో, మంటలో వచ్చిన తర్వాత 7 రోజుల లోపు ఆ గందరగోళంలో జరిగిన దొంగతనానికి మాత్రం సూక్ష్మ పాలసీలో చోటుంది. తాళం పగలగొట్టి సరుకు ఎత్తుకుపోవడానికి దొంగతనాల పాలసీ విడిగా తీసుకోవాలి.

లారీకి బీమా ఉందిగా అంటారు

సరుకు పంపే రైతుల్లో, వ్యాపారుల్లో సగం నష్టానికి మూలం ఈ ఒక్క మాట. లారీకి బీమా ఉంటుంది, నిజమే. అది లారీకి, లారీ వల్ల దెబ్బతిన్న ఇతరులకు. లోపల ఉన్న సరుకుకు కాదు.

ఇందులో విచిత్రం ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం, సరుకు యజమానిగాని ఆయన మనిషిగాని సరుకుతోపాటు లారీలో ప్రయాణిస్తూ గాయపడినా, చనిపోయినా లారీ బీమా కంపెనీ పరిహారం చెల్లించాలి. చేపల పెట్టెలతో కూడా వెళ్లిన మనిషికి రక్షణ ఉంది, ఆ పెట్టెల్లో చేపకు మాత్రం లేదు.

మరి లారీ ఆఫీసు బాధ్యత లేదా అంటే, ఉంది. 1865 నాటి పాత చట్టం పోయి, రోడ్డు రవాణా చట్టం 2007లో వచ్చి 2011లో అమల్లోకి వచ్చింది. సరుకు పోయినా, పాడైనా రవాణాదారు నిర్లక్ష్యం చేశాడని సరుకు యజమాని రుజువు చేయక్కరలేదు. ఆ మేరకు చట్టం మనవైపే ఉంది. కాని ఎంత ఇవ్వాలనే దగ్గర ఒక హద్దు పెట్టారు. సరుకు విలువ ఎక్కువని ముందే రాసి, దానికి అదనపు కిరాయి కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి 10 రెట్లు మించదు.

లెక్క వేసి చూద్దాం. సరుకు విలువ రూ. 5 లక్షలు, కిరాయి రూ. 8 వేలు. లారీ ఆఫీసు నుంచి రాగలిగింది రూ. 80 వేలు. మిగిలిన రూ. 4 లక్షల 20 వేలు గాలికి పోయినట్టే. పైగా బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కోర్టుకు పోయే దారి కూడా మూసుకుపోతుంది. మాట మీద ఇస్తామన్నారు కదా అని ఆరు నెలలు తిరిగినవాడికి చివరికి మిగిలేది చెప్పుల అరుగుదలే.

రైలు మీద పంపేవారికీ ఇలాంటి గడువే ఉంది. 1989 రైల్వే చట్టం ప్రకారం సరుకు అప్పగించిన 6 నెలల లోపు క్లెయిము నోటీసు ఇవ్వాలి. కిరాయి తగ్గుతుందని ఓనర్స్ రిస్కు కింద బుక్ చేస్తే, రైల్వేవారి తప్పు రుజువు చేసే భారం కూడా సరుకువాడి మీదే పడుతుంది.

ఏ, బీ, సీ అంటే ఏమిటి?

దారి బీమాలో మూడు మెట్లున్నాయి. అన్నిటికన్నా చౌకైనది సీ. అందులో నిప్పు, పిడుగు మాత్రమే ఉంటాయి. లారీ తగలబడితే వస్తుంది, బోల్తా పడితే రాదు.

బీ మెట్టులో నిప్పు, పిడుగుతోపాటు వంతెన కూలడం, బండి ఢీకొనడం, బోల్తా పడడం, రైలైతే పట్టాలు తప్పడం కూడా ఉంటాయి. దారిలో బస్తాలు మాయమైతే, పట్టా చిరిగి వానకు తడిస్తే ఇందులో రాదు.

ఏ మెట్టు అన్నిటికన్నా పెద్దది. మినహాయింపులుగా రాసినవి తప్ప మిగతా ప్రమాదాలన్నీ అందులో వస్తాయి. దొంగతనం, తక్కువ రావడం, తడవడం, విరగడం వంటివి ఈ మెట్టులోనే దొరుకుతాయి. సమ్మెలు, అల్లర్లు ఏ మెట్టులోనూ మామూలుగా ఉండవు. వాటికి కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవాలి.

ఏజెంటు తక్కువ ప్రీమియం చెప్పినప్పుడు అది ఏ మెట్టో అడగాలి. అడగకపోతే సీ మెట్టు కాగితం చేతిలో పెట్టుకుని, బోల్తా పడిన లారీకి డబ్బు రాలేదని కంపెనీని తిట్టుకోవాల్సి వస్తుంది.

బీమా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందన్నదీ ముఖ్యమే. ప్రయాణం కోసం సరుకును బండికి ఎక్కించడంతో అది మొదలవుతుంది. చేరాల్సిన గొడౌనులో దించి అప్పగించడంతో ముగుస్తుంది. లారీ ఊరు చేరినా సరుకు దింపుకోకుండా ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనే ఉంచేస్తే, బండి ఆ ఊరు చేరిన 7 రోజులకు బీమా ఆగిపోతుంది. ధర పెరుగుతుందని సరుకును లారీ ఆఫీసు షెడ్డులో పది రోజులు ఉంచేవారు ఈ 7 రోజుల లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఎప్పుడో ఒకసారి సరుకు పంపేవారు ఒక్క ప్రయాణానికే పాలసీ తీసుకోవచ్చు. రోజూ పంపేవారికి ఓపెన్ పాలసీ ఉంది. ఏడాదికి ఎంత సరుకు పంపుతారో అంచనా వేసి ఒకేసారి తీసుకుంటారు. ప్రతి లోడు వివరం కంపెనీకి తెలియజేస్తూ పోతే, పంపిన విలువ మొత్తంలోంచి తగ్గుతూ వస్తుంది. ఇందులో ఒకటే షరతు, లోడు వివరం దాచకూడదు. క్షేమంగా చేరిన లోడ్లు చెప్పకుండా, బోల్తా పడినదాన్నే చెబితే అసలుకే మోసం వస్తుంది.

కుళ్లిన ఉల్లి, మెత్తబడిన చేప

మన ప్రాంతానికి ఇదే అసలు సమస్య. గూడెం వచ్చే ఉల్లి, కొల్లేటి నుంచి పోయే చేప, రెండూ కాలంతో పరుగు పందెం పెట్టుకున్న సరుకులు. బీమా భాషలో వాటంతటవే పాడయ్యే గుణం ఉన్నవి.

సరుకుకు సహజంగా ఉన్న గుణం వల్ల వచ్చే నష్టాన్ని ఏ మెట్టు కూడా ఇవ్వదు. ఉల్లి దారిలో మొలకెత్తినా, కుళ్లినా, తూకం తరిగినా అది ప్రమాదం కిందకు రాదు. సరిగా కట్టని బస్తా, సరిపోని ఐసు, నాసి పెట్టె వల్ల వచ్చిన నష్టమూ రాదు. అన్నిటికన్నా పెద్దది ఆలస్యం. బీమా ఉన్న ప్రమాదం వల్లనే ఆలస్యమైనా, ఆ ఆలస్యం వల్ల సరుకు పాడైతే ఇవ్వమని నిబంధనలో స్పష్టంగా ఉంటుంది.

ఒక లారీ చేప వరద నీటికి దారిలో ఆగిపోయి, రెండు రోజుల్లో ఐసు కరిగి పాడైందనుకుందాం. చేప యజమానికి అది నూటికి నూరు పాళ్లు నష్టం. మామూలు పాలసీలో అది ఆలస్యం. అదే లారీ బోల్తా పడి పెట్టెలు పగిలి చేప నేలపాలైతే అది ప్రమాదం. ఒకే రోడ్డు, ఒకే చేప, ఫలితం మాత్రం వేరు. శీతల వాహనాల్లో పంపేవారికి యంత్రం చెడిపోవడం వల్ల వచ్చే నష్టాన్ని విడిగా చేర్చే ఏర్పాటు ఉంది. ఐసు పెట్టెల్లో పంపేవారు ఏది వస్తుందో, ఏది రాదో పాలసీకి ముందే కాగితం మీద రాయించుకోవడం మేలు.

చెరువులో చేపకు బీమా ఇంకో దారి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజనలో చెరువు బీమా ప్రీమియానికి సాయం చేసే ఏర్పాటు పెట్టారు. అది నీటిలో ఉన్న చేపకు. వల లాగి లారీ ఎక్కించాక ఆ బీమా వెంట రాదు.

అన్నట్టు, చట్టానికి వ్యతిరేకమైన రవాణాకు సముద్ర బీమా చట్టం అండగా నిలవదు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఐదో కాంటూరు లోపల అక్రమ చెరువుల గట్లను 2005, 2006లలో తెగగొట్టిన సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. సరుకు ఎక్కడిదన్న ప్రశ్న వస్తే జవాబు చెప్పేలా కాగితాలు ఉండాలి.

బోల్తా పడింది ఎవరి చేప?

చెరువు గట్టు మీద తూకం అయిపోయింది. రేటు కుదిరింది. డబ్బు పది రోజుల్లో ఇస్తానని వ్యాపారి చెప్పాడు. తెల్లారేసరికి లారీ బోల్తా. ఇప్పుడు ఎవరి చేప పోయినట్టు?

ఊళ్లలో ఈ ప్రశ్న దగ్గరే రైతు ఓడిపోతుంటాడు. లారీ పోయింది కదా, నేనెక్కడి నుంచి తేను అని వ్యాపారి చేతులెత్తేస్తే రైతు నోరు మూతపడుతుంది. చట్టం మాత్రం అలా చెప్పదు. 1930 సరుకుల అమ్మకపు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, సరుకు ఎవరి సొత్తైతే నష్టం వారిదే. రేటు కుదిరి, తూకం వేసి వ్యాపారికి అప్పగించాక సరుకు వ్యాపారిది. అప్పు పెట్టినంత మాత్రాన అది తిరిగి రైతుది కాదు. లారీ బోల్తా పడినా రైతు బాకీ నిలిచే ఉంటుంది.

రైతు తన పేరుతోనే హౌరా కమీషన్‌దారుకు పంపి, అక్కడ అమ్మాక డబ్బు తెప్పించుకునే పద్ధతైతే సంగతి తిరగబడుతుంది. అమ్మేదాకా చేప రైతుదే, దారి నష్టమూ రైతుదే. కర్నూలు రైతు గూడెం కమీషన్ కొట్టుకు పంపే ఉల్లి కూడా పాట ముగిసేదాకా రైతుదే. అలాంటప్పుడు దారి బీమా ఆయన పేరున ఉండాలి.

కాబట్టి గట్టు మీద తూకం వేసేటప్పుడే తేదీ, తూకం, రేటు రాసి వ్యాపారి సంతకం ఉన్న చీటీ ఒకటి దగ్గర ఉంచుకోవాలి. చిన్న చీటీయే కావచ్చు, బోల్తా పడిన లారీ ఎవరిదో తేల్చేది అదే.

ఊరూరు తిరిగే సామాను

షామియానాలు, కుర్చీలు, జనరేటరు, మైకుసెట్టు, వీడియో కెమెరా, ఇవి ఇంట్లో ఉంటే డబ్బు తేలేవు. పెళ్లిళ్ల కాలంలో నెల రోజులు బయటే ఉంటాయి. కొట్టు చిరునామా మీద తీసుకున్న పాలసీ వీటికి దాదాపు అక్కరకు రాదు. ఊరు మారినా వెంట వచ్చే పాలసీలు ఉన్నాయి. కెమెరాలు, మైకుసెట్ల వంటి తేలికపాటి సామానుకు ఆల్ రిస్క్ పాలసీ, ఎలక్ట్రానిక్ సామాను పాలసీ ఇస్తారు. పెద్ద యంత్రాలకు వేరే పాలసీ ఉంటుంది.

వీటిలో మూడు సంగతులు ముందే చెప్పాలి. ఒకటి, సామాను అద్దెకు ఇస్తామన్న విషయం. సొంతానికని రాసి అద్దెకు తిప్పితే గొడవ వస్తుంది. రెండు, ఏయే ప్రాంతాల్లో తిరుగుతుందో. మూడు, ఒక్కొక్క వస్తువు కొన్న బిల్లు, సీరియల్ నంబరు. మనిషి కాపలా లేని బండిలోంచి పోయిన సామానుకు చాలా పాలసీల్లో మినహాయింపు ఉంటుంది. పెళ్లి పందిరి పక్కన బండి వదిలి భోజనానికి కూర్చునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

సంతలకు, మార్కెట్లకు నగదు పట్టుకుపోయే గుమాస్తాల కోసం కూడా పాలసీ ఉంది. కొట్టు నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి కొట్టుకు దారిలో పోయే డబ్బుకు అది వర్తిస్తుంది.

పరాయి గొడౌనులో మన బస్తాలు

కోతల కాలంలో సొంత గొడౌను చాలదు. పక్క ఊళ్లో ఖాళీగా ఉన్న షెడ్డు అద్దెకు తీసుకుని సరుకు వేస్తారు. కంపెనీకి చెప్పరు. మూడు నెలలకు వాన వస్తుంది.

కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏళ్లు నీళ్లు తెస్తాయి. ఆ నీరంతా సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుకే ఎగువ వాన పడ్డ రెండు మూడు రోజులకు కూడా ఇక్కడ నీరు పెరుగుతూనే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీరే తర్వాత కొల్లేటి ఊళ్లను చుట్టుముట్టింది. ఏలూరు ఊరికి రెండు పక్కలా తమ్మిలేరు పాయలున్నాయి. ఇలాంటి చోట నేల బారు షెడ్డులో బస్తాలు వేసి, ఆ చిరునామాకు బీమా లేకుండా ఉండడం అంటే దేవుడి మీద భారం వేయడమే.

సరుకు రెండు మూడు గొడౌనుల మధ్య మారుతూ ఉంటే ఫ్లోటర్ పాలసీ తీసుకోవచ్చు. అన్ని గొడౌనులకూ కలిపి ఒకే మొత్తం ఉంటుంది. సరుకు ఎక్కడికి మారినా, ఆ జాబితాలోని గొడౌనైతే చాలు. జాబితాలో లేని గొడౌనైతే ఫ్లోటరూ రాదు.

మొత్తం తక్కువ రాయించడం ఇంకో జబ్బు. ప్రీమియం తగ్గుతుందని రూ. 10 లక్షల సరుకుకు రూ. 6 లక్షలే రాయిస్తారు. రూ. 2 లక్షల నష్టం వస్తే రూ. 2 లక్షలూ వస్తాయనుకుంటారు. రావు. విలువలో నూటికి 60 వంతులకే బీమా ఉంది కాబట్టి నష్టంలో కూడా 60 వంతులే, అంటే రూ. 1 లక్ష 20 వేలే వస్తాయి. మిగతా 40 వంతులకు యజమాని తనకు తానే బీమా కంపెనీ అన్నమాట. సూక్ష్మ పాలసీలో 15 శాతం వరకు తక్కువైతే చూసీచూడనట్టు వదిలేస్తారు. అంతకు మించితే కోత తప్పదు.

ప్రమాదం జరిగిన రోజున

మొదటి పని సరుకును కాపాడుకోవడం. బీమా ఉంది కదా అని తడిసిన బస్తాలను అలాగే వదిలేస్తే కంపెనీ ఒప్పుకోదు. బీమా లేనివాడు ఎంత ఆత్రంగా కాపాడుకుంటాడో అంత ఆత్రంగా కాపాడాలి. అందుకైన న్యాయమైన ఖర్చును క్లెయిములో అడగవచ్చు.

రెండోది, వెంటనే కంపెనీకి కబురు. ఫోను చేసినా సరే, వెనువెంటనే రాతలో కూడా పంపాలి. సర్వేయరు చూసేదాకా పాడైన సరుకు పారేయకూడదు. చేప వంటిదైతే ఆగడం కుదరదు గనుక ఫొటోలు తీసి, ఊరి పెద్దల సమక్షంలో పంచనామా రాయించి, సర్వేయరు అనుమతి అడిగి ఆ తర్వాతే తీసేయాలి.

మూడోది, లారీ ఆఫీసు సంగతి. సరుకు పాడై చేరితే బాగా అందిందని రసీదు మీద సంతకం పెట్టకూడదు. ఎన్ని బస్తాలు తక్కువో, ఎన్ని తడిశాయో రసీదు మీదే రాయాలి. వారి నుంచి డ్యామేజీ సర్టిఫికెట్ అడగాలి. 180 రోజుల గడువు దాటకుండా నోటీసు ఇవ్వాలి. బీమా కంపెనీ డబ్బు ఇచ్చాక లారీ ఆఫీసు మీద వసూలు చేసుకునే హక్కు కంపెనీకి దక్కుతుంది. ఆ హక్కును మనం పాడుచేస్తే మన క్లెయిముకే కోత పడుతుంది. లారీవాడు తెలిసినవాడని, పోనీలే అని రాజీ కాగితం రాసిచ్చినవారు చాలాసార్లు ఇక్కడే దెబ్బతింటారు.

దొంగతనమైతే, పెద్ద ప్రమాదమైతే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు కాపీ ఉండాలి. సరుకు బిల్లు, లారీ రసీదు, పాలసీ, సర్వేయరు రిపోర్టు, నోటీసు కాపీ ఒకే సంచిలో ఉంటే క్లెయిము సగం గెలిచినట్టే.

కంపెనీ కాదంటే

కాదన్నంత మాత్రాన కథ ముగిసినట్టు కాదు. ముందు కంపెనీకే రాతలో ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఒంటరి యజమాని నడిపే వ్యాపారాలు, సూక్ష్మ సంస్థల పాలసీలు కూడా ఆయన పరిధిలో ఉన్నాయి. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు రాయాలి.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ప్రీమియం రూ. 50 లక్షల లోపు ఉన్న కేసులు జిల్లాలోనే విచారిస్తారు. పల్లెల్లో చిన్న వ్యాపారుల తగాదాలన్నీ ఈ హద్దు లోపలే ఉంటాయి.

గడప దాటేముందు

బీమా వల్ల లారీ బోల్తా పడకుండా ఆగదు, కొల్లేరు పొంగకుండా ఉండదు. పోయిన చేప తిరిగి రాదు. కాని అప్పు తెచ్చి మేత వేసిన రైతు, వడ్డీకి తెచ్చి ఉల్లి కొన్న వ్యాపారి, నగలు కుదువపెట్టి జనరేటరు కొన్న కుర్రవాడు మళ్లీ లేచి నిలబడతారా లేదా అన్నది ఆ కాగితం మీద ఆధారపడుతుంది.

సరుకు బండి ఎక్కేముందు పాలసీ తీసి ఒక్కసారి చదవాలి. చదవడం రాకపోతే ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత చదివించాలి. ఈ సరుకు పేరు ఇందులో ఉందా, ఈ దారి ఉందా, ఈ ప్రమాదం ఉందా అని మూడే ప్రశ్నలు. మూడింటికీ ఉందన్న జవాబు వస్తే తాడు బిగించి పట్టా కప్పవచ్చు. ఒక్కదానికి లేదని వచ్చినా, లారీని ఒక పూట ఆపి ఏజెంటును పిలిపించుకోవడం నయం. చేతులు కాలాక పట్టుకునే ఆకులకు ప్రీమియం ఎవరూ తీసుకోరు.